ఐదో చెయ్యి

12 ఆగస్టు 1998, బుధవారం
విజయవాడ

ముసురుకు ల్యాబ్‌లో అన్నీ చెమ్మగిల్లాయి. మా పీహెచ్‌డీ గైడు సారు హిమాలయాల నుంచి తెచ్చిన నక్షత్రచేప శిలాజాన్ని తుడుస్తుంటే, ఐదో చెయ్యి మొదట్లో వేలికి జిగురు తగిలింది. వాసన చూశాను. చింతగింజల మక్కు. కొండపల్లిలో మా మేనత్త బొమ్మలకు చేతులు అతికించేది దానితోనే. ఆ వాసన దగ్గర నేను పొరబడను.

మిగతా నాలుగు చేతులూ అరిగిపోయాయి. ఆ ఒక్కదాని మీదే పలకలు జడపాయల్లా అటొకటి ఇటొకటి స్పష్టంగా కనిపిస్తాయి. ఇది ఏనాడో అంతరించిన నక్షత్రచేపల కుటుంబానికి చెందిందని మేం రీసెర్చి పేపర్లో రాసిందంతా వాటిని చూసే.

“ఈ చెయ్యి ఎప్పుడైనా విరిగిందాండీ?” అని అడిగాను.

“లేదమ్మా, దొరికినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎందుకలా అడిగావ్?”

“ఊరికేనండీ.”

సారు రాయిని బీరువాలో పెట్టి తాళం వేశారు. దాని చెయ్యే విరిగితే అతికించారేమో. అలాగైతే ఆ మాటే చెప్పొచ్చుగా. వేరే రాయిలోది తెచ్చి పెట్టి ఉంటే...

నేను బయల్దేరుతుంటే వెనక్కి పిలిచి, “పేపర్లో ఈసారి నీ పేరే ముందు వేద్దామమ్మా” అన్నారు.

ఇన్నేళ్లూ నా పేరు చివర వేయడం కూడా మరిచిపోయేవారు.