మసక వేసిన చోట్లు

ఉప్పుగూడ,
బుధవారం ఉదయం

బాపూ, కోప్పడకుండా చివరిదాకా చదువు.

నీ పురాణం పుస్తకంలో ఈ ఉత్తరం పెట్టి స్టూడియోకు వెళ్తున్నాను. ఎదురుగా నిలబడితే "ఏంది బిడ్డా గీ లొల్లి?" అంటావు, నేను నోరు మూసుకుంటాను. స్కూటర్ తాళంచెవి నా దగ్గరే ఉంది. వెతకకు. ఇకనుంచి నా బిడ్డ మాన్యను బడికి నేనే ఆటోలో దింపుతాను.

గుడిలో నువ్వు చెప్పే పురాణాన్ని నేను వీడియో తీసి అందరి ఫోన్లకూ పంపుతున్నాను కదా. ఉగాది తర్వాత ఒకరోజు నువ్వు మాట మధ్యలో ఆగిపోయావు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. మరుక్షణం ఏమీ జరగనట్టు వేరే వాక్యం అందుకున్నావు. చూసినవాళ్లు నవ్వుతారని ఆ చోట మసక వేశాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చేయి కదా నాది. కీఫ్రేమ్ అని ఒక గుర్తు పెడతాం. మొదటి గుర్తు దగ్గర బొమ్మ నిండుగా ఉంటుంది, రెండో గుర్తు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా మాయమవుతుంది. నడుమ అదే మెల్లగా కరిగిపోతుంది. నీ గొంతునూ అలాగే తగ్గించి, దేవుడి బొమ్మ చూపించి మళ్లీ పెంచాను. అతుకు నాకే కనిపించలేదు.

ఆ తర్వాత అలవాటైపోయింది. మొన్న ఆ వీడియోలన్నీ తెరిచి గుర్తుల మధ్య దూరం, అంటే నువ్వు ఆగిపోయినంత సేపు, ఎంతో చూశాను. ఆ మొదటిసారి ఒక్క సెకను. బోనాలకు నాలుగు. కార్తీక ఏకాదశికి పదకొండు. నిన్న ఏమీ కోయని అసలు వీడియోలు పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. "ఇది మూర్ఛలో ఒక రకం కావచ్చమ్మా. మందులున్నయి. బండి మాత్రం అసలే నడపనియ్యకున్రి. ఇన్ని రోజులు ఎందుకు ఊకున్నరు?" అన్నాడు.

నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను, బాపూ. ఎంతైనా తిట్టు. శుక్రవారం మాత్రం నాతో ఆసుపత్రికి రా.

నీ వాగ్దేవి


ఉప్పుగూడ,
బుధవారం మధ్యాహ్నం

నా తల్లి వాగ్దేవికి,

నీ ఉత్తరం చదవగానే కోపమే వచ్చింది. రెండోసారి చదివాక ఈ కాగితం తీశాను. నేనూ నీకొకటి దాచాను.

పోయిన సోమవారం మాన్యను ఎక్కించుకుని చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎక్కడం గుర్తుంది. దిగడం గుర్తు లేదు. తెలివి వచ్చేసరికి స్కూటర్ డివైడర్‌ను ఒరుసుకుని ఆగి ఉంది. పిల్ల నా చొక్కా పట్టుకుని ఏడుస్తోంది. బస్సు డ్రైవరు దిగొచ్చి "చాచా, హోష్‌లనే ఉన్నవా? ఎన్క పిల్ల ఉన్నది!" అని అరిచాడు. "అమ్మకు చెప్పకు బిడ్డా" అని మాన్యతో ఒట్టు వేయించుకున్నాను.

ఆ రోజు ఇంటికి వచ్చి నీ వీడియోలన్నీ పెట్టుకుని చూశాను. నాలో తేడా ఉంటే అందులో కనిపించాలి కదా అనుకున్నాను. ఎక్కడా తొట్రుపాటు లేదు. మాట నదిలా పోతోంది. ఏం ఫికర్ లేదనుకుని మర్నాడు మాన్యను మళ్లీ బండెక్కించాను.

నిన్ను ఏడిపించాలని రాయడం లేదు. నువ్వు దాచింది, నేను దాచింది కలిసి ఆ పిల్లను... ఆ మాట రాయలేను.

శుక్రవారం దాకా ఎందుకు, రేపే పోదాం. ఈ వారం పురాణం ఉండదని గుడి పూజారి వైకుంఠానికి చెప్పి వచ్చాను. ఎందుకని అడిగితే దాచకుండా చెప్పాను. సాయంత్రం నువ్వు రాగానే ఆ కోయని వీడియో నాకు చూపించు. నా పక్కనే కూర్చో తల్లీ, ఒక్కణ్నే చూడలేను.

నీ బాపు,
విఠల్‌రావు