రోజా విడవడానికి ఐదు నిమిషాలు

సూర్యాపేట

అన్నకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు బాగున్నారా? నేను క్షేమమే. నిజంగా క్షేమమే, అమ్మకు అదే చెప్పు. ఎండలు అప్పుడే ముదిరాయి, గదిలో నీళ్లు ఉప్పగా ఉంటున్నాయి, అమ్మ చేసే పచ్చిపులుసు లేక అన్నం దిగడం లేదు. అంతకు మించి కష్టమేమీ లేదు.

కోపం మాత్రం ఉంది. మొన్న నా మాట పూర్తి కాకముందే ఫోన్ పెట్టేశావు. అందుకే రాస్తున్నాను.

"గదేం ఉపవాసం? పగలంత పస్తు, రాత్రంత బిర్యానీ. గసుంటోళ్ల కోసం నౌకరీ పోగొట్టుకుంటవా?" అన్నావు. నువ్వన్న 'గసుంటోళ్లు' ఎవరో తెలుసా? నా గదిలో ఉండే రేష్మా. హుజూర్‌నగర్ నుంచి వచ్చింది. బట్టల షాపులో ఇద్దరిదీ చీరల కౌంటరే. పొద్దంతా నిలబడే ఉండాలి, కూర్చోనివ్వరు.

ఈసారి గుడ్ ఫ్రైడే ముందు వచ్చే మన శ్రమ దినాల ఉపవాసాలు, వాళ్ల రంజాన్ కలిసి వచ్చాయి. నేను సాయంత్రం దాకా అన్నం ముట్టను, మాంసం మానేశాను, కానీ దాహమైతే నీళ్లు తాగుతాను. ఆమె తెల్లవారకముందే సహరీ తిని, పొద్దుగూకే దాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టదు. నెలసరి రోజుల్లో ఆమె రోజా ఉండకూడదు, ఆ రోజులు తర్వాత పూర్తి చేసుకోవాలి. మనకు ఆ నియమం లేదు. ఒకరోజు తలనొప్పికి నేను మధ్యలోనే విడిచేస్తే నన్నెవరూ అడగలేదు. ఇద్దరం ఇవన్నీ చెప్పుకున్నాం. ఎవరిది గొప్ప అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ తూకం వేసింది నువ్వే. ఉపవాసం ఉన్నట్టు పక్కవాడికి కూడా తెలియకూడదని చర్చిలో చెప్పేదీ నువ్వే, ఇవాళ ఎన్నో రోజో పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేదీ నువ్వే!

ఆ సాయంత్రం షాపు కిక్కిరిసి ఉంది. అజాన్ వినబడగానే రేష్మా మేనేజర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, జర ఐదు నిమిషాలు. ఖర్జూరం తిని నీళ్లు తాగొస్త."

"గిరాకీని ఇడిసిపెట్టి పోతవా? ఇంటికి పోయినంక ఇడువు నీ రోజా."

వాకిట్లో రంజాన్ ముబారక్ అని పెద్ద బ్యానర్ కట్టించింది ఆయనే, అన్నా. నాకు ఒళ్లు మండింది. నా బాటిల్ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

"నువ్వు కిరస్తానీవి కదా, నడుమ నీకేంది?" అన్నాడు.

"నేను సుత ఉపవాసమే సార్. నాకు దూపయితే తాగుత. ఆమె పొద్దంత తాగలే. గుక్కెడు నీళ్లు తాగితే మీ షాపు మునుగుతదా?"

అరిచే అన్నాను. చీరలు చూస్తున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. రేష్మా నిలబడే తాగింది. మేనేజర్ నన్ను రేపటి నుంచి రావద్దన్నాడు.

గదికి వచ్చాక రేష్మా నా మీదే విరుచుకుపడింది. "నేను ఐదు నిమిషాలు అడిగిన. నీ నౌకరీ పోగొట్టుకొమ్మని అడిగిన్నా?" అని ఏడ్చింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు రోజా ఉండే మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని తనే మేనేజర్‌ని అడిగిందట. ఇప్పుడు వంతులవారీగా ఐదేసి నిమిషాలు ఇస్తున్నాడు. ఆ సంగతి చెప్పి, తన పళ్లెంలో సగం నా ముందుకు జరిపింది.

నాకు మిర్యాలగూడలో ఇంకో షాపులో పని దొరికింది. సోమవారం వెళతాను. అమ్మను పరేషాన్ కావద్దను.

నిన్న అమ్మ ఫోన్‌లో ఒక మాట చెప్పింది. పోయిన ఆదివారం నువ్వు మైకు పట్టుకుని, నా చెల్లి దారి తప్పింది అని సంఘం ముందు ప్రార్థన చేశావట. అన్నా, ఏ దారి తప్పాను? దాహంతో ఉన్నదానికి నీళ్లిచ్చాను. వచ్చే ఆదివారం అదే మైకులో జరిగింది జరిగినట్టు చెప్పు. చెప్పకపోతే గుడ్ ఫ్రైడేకి మన ఊరు నడిగూడెం చర్చికి వస్తాను, ఆడవాళ్ల వరుసలో లేచి నిలబడి నేనే చెబుతాను. నాకు మైకు అక్కర్లేదు.

అమ్మకు, పెద్దమ్మకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. కోపంగా ఉన్నా నన్ను దీవించు, పెద్దవాడివి.

నీ చెల్లెలు
కరుణ