తువ్వాల మీది ఎరుపు

ఉధ్నా, సూరత్.

ల్యాబు పెద్దసారుకు,

బండి మీద ఎర్ర షర్బత్ తాగి పోయిన నెల చనిపోయిన సంతోషి తల్లిని నేను. మీరు మనవైపు మనిషేనట, అందుకే తెలుగులో రాస్తున్నాను.

షర్బత్‌లోకి వెలుగు పంపి కొలిచారట, రంగు హద్దులోనే ఉందట. మీ మిషన్‌ను నేనేమీ అనను. పిల్ల పోయిన ఐదో రోజు వచ్చి, బండివాడు కొత్తగా కలిపిన సీసా తీసుకుపోయారు. ఆ రోజు వాడు తినే రంగు కాక ఇంకేం కలుపుతాడు సారూ?

పిల్ల మూతి తుడిచిన తువ్వాల తెస్తే, "కపడా నహీ చలేగా, బెన్" అని, బట్ట పనికిరాదంటూ మీ మనిషి నా మీదికే విసిరాడు.

వాంతి వాసన పోవాలని దాన్ని నాలుగుసార్లు ఉతికాను, తెలివిలేనిదాన్ని. వాసన పోయింది, ఎరుపు పోలేదు. తినే రంగు అట్లా పట్టుకుంటుందా? మా ఆయన బట్టలకు రంగేసే మిల్లులో చేస్తాడు. చూడగానే, "గిది మా మిల్లు రంగే గదనే!" అని తన గోళ్లు చూసుకున్నాడు. ఆయన గోళ్లల్లో ఉన్నదీ ఈ ఎరుపే.

సగం కోసి ఇందులో పెట్టాను. మీ వెలుగు దీని మీద వేయండి. పారేశారంటే, మిగిలిన సగం పట్టుకుని మీ గేటు ముందే కూర్చుంటాను. దాన్ని ఇక ఉతకను.

సంతోషి వాళ్లమ్మ