బాపు చూసి రమ్మన్న నక్షా

మంచిర్యాల,
16 మార్చి 1966.

అవ్వ పాదాలకు నమస్కరించి, పట్టభద్రుడైన నీ చిన్నకొడుకు కైలాసం విన్నవించుకునేది. ఇక్కడ బాపు, నేను క్షేమం. అక్క కాన్పు చల్లగా జరగాలని, బొంబాయి నీళ్లు నీకు పడాలని కోరుకుంటున్నాను. ఈ ఉత్తరం చదివి వినిపించే అక్కకొక మనవి: చివరికొచ్చాక మెల్లగా చదువు.

నీ ప్రశ్నలకు జవాబులు. పొయ్యి నువ్వన్న దిక్కునే వేశాం. బాపు దగ్గు తగ్గలేదు. కొత్తింటి గోడలకు సున్నం ఆరిందా అన్నావు. ఆరింది. ఆరి, పోయిన శుక్రవారం గోడలే చీలాయి. వంటింటి పగులులో నా చేయి దూరుతున్నది. పెరడు మోకాలి లోతు కుంగింది.

నువ్వు ముందే అన్నావు, "బాపు ఫండు పైసలు ముట్టకుండ్రి. పెద్దపల్లి పొలం తాకట్టు వెట్టి కొందాం, మెల్లగ కట్టుకుందాం" అని. అర్థశాస్త్రం చదివిన నోటితో నేను, "తాకట్టంటే బ్యాంకును ఇంట్ల కూసోవెట్టి మేపుడే అవ్వా" అని ఉపన్యాసమిచ్చాను. బాపు నవ్వి, బొగ్గుబావి జీతంలోంచి కూడిన ఫండంతా తెచ్చి ఇల్లమ్మిన హనుమండ్లు చేతిలో పోశాడు. పద్దెనిమిదేళ్లు భూమి కింద సంపాదించింది ఒక్క పూటలో అయిపోయింది.

శనివారం బాపు బొగ్గుబావి దగ్గర్నుంచి ఇంటిదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి గడప ముందు ఆగాడు.

"గిక్కడనే కైలాసం. దీని కింద పిల్లర్లు తీసింది మా జట్టే. గీ చేతులతోనే తీసిన."

పైకప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలి, ఆఖరున వాటినీ తవ్వేస్తారు కదా. కింద దీపం వెలుగులో ఎరిగిన జాగాను కొనేనాడు పైన ఎండలో బాపు ఎట్లా గుర్తుపడతాడు?

ఇల్లు ఖాళీ చేయమని బొగ్గుబావి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. కింద ఎక్కడిదాకా తవ్వారో చూపే ఎర్రగీత వాళ్ల నక్షాలో ముందునుంచే ఉందట, చూసుకోవలసింది మనమేనట. పైసా రాదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. కొనేముందు బాపు నాతో, "నాకు అక్షరం రాదు. ఆఫీసుల నక్షా ఉంటది, జర చూసి రా బిడ్డా" అన్నాడు. వెళ్లాను. గుమస్తా రెండు గంటలు ఆగమన్నాడు. నేను ఆగలేదు. మాట్నీ సినిమాకు పోయి, ఇంటికొచ్చి, "చూసిన బాపూ, మన జాగా కింద తవ్వకం లేదు" అన్నాను.

బాపు ఇంకా నన్నే నమ్ముతున్నాడు. పక్కింటి రాములు "నీ కొడుకు సక్కగ చూసిండా?" అంటే కొట్టబోయాడు. "మావోడు బీఏ! కండ్లార చూసిండు. ఆఫీసోళ్లే గీత మార్చిండ్రు!" రేపు పొద్దున జట్టు వాళ్లందరినీ వెంటబెట్టుకుని, మేనేజరు ముందు నాతో సాక్ష్యం చెప్పిస్తాడట. నా ఇస్త్రీ అంగీ తీసి పెట్టాడు.

చెప్పేద్దామని ఇవాళ మూడుసార్లు ఆయన దగ్గరికి పోయాను. మూడుసార్లూ ఏదో అని నవ్వించి వచ్చాను.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి తిన్నగా బాపు దగ్గరికి పోతాను. నీకు రాసేశాను గనుక ఇక తప్పించుకోలేను. కాన్పు కాగానే బండెక్కు అవ్వా. ఆయన పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. నన్ను కూర్చోనివ్వడు.

ఇట్లు,
బాపు ఈ పూట దాకా నమ్మిన నీ కొడుకు,
కైలాసం