మగపూలే పూస్తున్న మూడెకరాల పామాయిల్ తోట

మండల ఉద్యాన అధికారి గారి సముఖమునకు, పత్తికొండ దగ్గర చింతబండ గ్రామ కాపురస్తుడు బొజ్జన్న, వయస్సు 61, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా పామాయిల్ తోట గెల వేయకపోవుట – మొక్కలు మార్చి ఇప్పించుట – మరియు మీ మేడమ్ గురించి.

1. నేను వేరుశనగ మాని మూడెకరాలలో నూట డెబ్బై పామాయిల్ చెట్లు పెట్టి ఐదో ఏడు నడుచుచున్నది. వచ్చేవన్నీ మగపూలే. గెల పడుట లేదు. కావున తమరు ఇచ్చిన మొక్కలే మంచివి కావని తెలియజేయడమైనది.

2. నేను సోమరిని కాను. వాన పడి పదును కాగానే ఎద్దులు కట్టి, గడ్డి వేర్లతో సహా తెగేటట్లు గుంటక తోలుచున్నాను. కొట్టిన మట్టలు కాల్చి చేను అద్దంలాగ పెట్టితిని. గడ్డి మొలిచిన చేను గలవానికి మా ఊరిలో పిల్లను కూడా ఇవ్వరు.

3. గత నెల మీ ఆఫీసు శివకుమారి మేడమ్ వచ్చి నా చేనును మెచ్చుకొనక, "పెద్దాయనా, దీని వేర్లు జానెడు లోతులోనే పారతాయి. నువ్వు తోలినప్పుడల్లా తెగిపోతాండాయి. ఆకలికి, దప్పికకు చెట్టు మగపూలే వేస్తాది. గుంటక ఆపు. మట్టలు కాల్చొద్దు, చెట్ల నడుమ పరుచు" అన్నది. "నువ్వు పుట్టకముందు నుంచి తోల్తాండా, నాకు చెప్పొచ్చినావా పాపా" అని నలుగురిలో అంటిని. ఆమె బండెక్కి పోయినది. ఆమెపై చర్య కోరుటకే ఈ అర్జీ మొదలుపెట్టితిని.

4. నా కొడుకు జయరాజ్ బేస్తవారానికి జేసీబీ మాట్లాడినాడు. "గెల వేయని చెట్లు ఎందుకు నాయనా, పీకేసి టమాట పెడదాం" అంటున్నాడు. మొదటి ఎండాకాలం బోరు ఎండిపోతే బిందెలతో మోసి బతికించిన చెట్లు అయ్యా. నాకు అన్నం సహించడం లేదు.

5. ఇది రాయకూడదనుకొంటిని. తూర్పు మూలలో మా ఇంటామె గంగక్కను పూడ్చినాము. సొంత చేనిలోనే పూడ్చుకోవడం మా వాడుక. మూడేండ్లయింది. ఆమె మీద గుంటక ఎట్లా తోలేది? మేకలు తొక్కకుండా ఆ చుట్టుపక్కల మాత్రం మట్టలు పరుస్తూ వచ్చినాను. గడ్డి మోకాలెత్తు పెరిగింది. అక్కడి ఆరు చెట్లకు గెలలున్నాయి. ఒక్కోదానికి నాలుగు, ఐదు. మొన్న లెక్కపెట్టి, అక్కడే కూర్చొని ఏడ్చినాను. మొక్కలు మంచివే. ఇన్నేండ్లూ నా చెట్ల వేర్లు నేనే కోసుకొంటూ, చేను శుభ్రంగా ఉందని మురిసిపోయినాను.

కావున పైన ఒకటో నంబరులోని ఫిర్యాదు, మూడో నంబరులోని కోరిక రద్దు చేసుకొంటున్నాను. ఆ మేడమ్‌నే బేస్తవారం లోపల పంపి, ఆ ఆరు చెట్లూ జయరాజ్‌కు చూపించి చెప్పించవలెను. నేను చెప్తే "అమ్మ మీద మమకారంతో అంటాండావు నాయనా" అంటున్నాడు. ఆమెను నలుగురిలో అన్నాను కనుక నలుగురిలోనే క్షమాపణ చెప్పుకొంటాను. ముసలివాని బాధ చిత్తగించవలెను.

ఇట్లు,
తమ మాట ఆలస్యంగా విన్న విధేయుడు,
బొజ్జన్న

తా.క.: ఈ పొద్దున మంచి వాన పడింది. ఊరంతా ఎద్దులు కట్టడానికి తయారవుతున్నారు. నేను గుంటకను పక్కింటి హనుమన్నకు ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాను. చేతులు ఊరకుండడం లేదు. మేడమ్‌ను తొందరగా పంపండి. ఇంకో వాన పడితే నా మీద నాకే నమ్మకం లేదు.