చెరపడానికి వీల్లేని కార్డు

జంషెడ్‌పూర్

అన్నయ్యకు,

తెల్లారినుంచి ఇక్కడ ముసురు. యార్డులో డ్యూటీ దిగి, తడుస్తూనే బిష్టుపూర్ బజారుకు వెళ్లి నాన్న పెద్దకర్మ కార్డు చేయించాను. కంప్యూటర్ షాపు శ్యామ్ దగ్గర కార్డు నమూనా ఫైలు ఉంది. పేర్లు నింపి, అచ్చుకు మన సోంపేట ప్రెస్సుకు పంపితే చాలు.

నువ్వు ఫోన్లో తీసెయ్యమన్నా చెల్లి నూకరత్నం పేరు తీయించలేదు. మన కులం కాని బుధరాంని చేసుకుందన్న మాట నిజమే. నాన్న మంచాన పడ్డాక చివరిదాకా చూసింది మాత్రం వాళ్లిద్దరే. కూతురు, అల్లుడు అని వేయించాను.

"ఫైలు ఇలాగే పంపిత్తే సోంపేట ప్రెస్సోళ్లు ఏ పేరైనా తీసేత్తారు బావూ" అన్నాడు శ్యామ్.

"మరేటి చేద్దాం?"

"మొత్తం ఫోటోలా మార్చేత్తాను. అప్పుడు అక్షరాలు మీ అన్నగారి మాట కూడా ఇనవు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అలాగే మార్పించి ప్రెస్సుకు మెయిల్ చేయించాను. ఇప్పుడు ఆ పేర్లు చెరిపితే అక్కడ ఖాళీ కనబడుతుంది. ఎవరి పేరని చుట్టాలు అడుగుతారు.

కోపం ఉంటే నామీద చూపించు. సెలవు దొరకగానే వస్తాను.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చేది రత్నమే. ఆమె, బుధరాం ఈ సాయంత్రం బండికి బయలుదేరుతున్నారు.

తమ్ముడు