తలుపు మీద చెయ్యి

శుక్రవారం, రాత్రి.

సాయంత్రం నేను పాస్టరుగా ఉన్న దేవరయాంజాల్ ప్రార్థన మందిరంలో సైన్సు టీచర్ పదో తరగతి పిల్లలకు ట్యూషన్‌లో అణుధార్మికత చెప్పింది. ఒక వైపు అరగదీసిన చింతగింజలను చాప మీద పోయించింది. తెల్ల వైపు పైకి పడినవి నిలకడ తప్పి క్షయమైన అణు కేంద్రకాలట, వాటిని పక్కకు తీసేశారు. పోసిన ప్రతిసారీ సుమారు సగం పోతున్నాయి. ఏ గింజ ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరంది.

బైబిలు చేతబట్టుకుని లేచాను. "పైవానికి ఎరుక లేకుండ ఒక్క గింజ గూడ పడదు" అని గద్దించాను.

ముందు కూర్చున్న పిల్ల మెల్లగా అడిగింది. "అయ్యగారూ, అమ్మగారు నిన్న దవాఖానల తాగిన మందు గూడ గిట్లనేనా? ఆఖరి గింజ ఎప్పుడు పోతదో జెప్పుండ్రి."

బైబిలు మూసి కూర్చున్నాను. టీచర్ తల ఎత్తకుండా గింజలు ఏరుకుంది.

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆ అణుధార్మిక మందు తాగి నా భార్య ఇంట్లోనే వేరే గదిలో ఉంది. ఒంట్లో దాని రేడియేషన్ తగ్గేదాకా దగ్గరికి పోవద్దన్నారు డాక్టర్లు. ఊళ్లో ప్రతి రోగి తల మీద చేతులుంచి ప్రార్థించినవాణ్ణి, ఇందాక ఆమె మూసుకున్న తలుపు మీద చెయ్యి పెట్టాను. ఇన్నేళ్లు నరకపు నిప్పు గురించి అరిచాను గాని, ఇంత చప్పుడు లేని నిప్పును ఎరగను. 

నా అడుగులు విని లోపలి నుంచి ఆమే అంది. "ఏందయ్యగారూ, ఇయ్యాల గొంతు పోయిందా? ఆమెన్ అందామని కూసున్న."

ప్రార్థన చెయ్యకుండానే వచ్చేసి ఇది రాస్తున్నాను. ఆమె ఇంకా కూర్చునే ఉందేమో...